చేతిలో ఉన్న ఇరవై అయిదు సెకన్లు

మైకు ముందు నిలబెడితే నాకు ఒళ్ళు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ఎమ్మిగనూరులో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా ఈల ఊదుతూ, నా మాట పిల్లలు తప్ప పెద్దలెవరూ వినకుండా బతికినవాణ్ణి. అలాంటివాడికి ఆదోనిలో మూడు వందల మంది కూర్చున్న హాల్లో మైకిస్తే ఏమవుతుంది? నోరా, వీపుకు చేటు తేకే అన్నారు పెద్దలు. నా నోరు నా వీపుకే చేటు తెచ్చి ఉంటే సంతోషించేవాణ్ణి. అది ఇంకొకరికి తెచ్చింది.

ఆ ఆదివారం సన్మానం హరికృష్ణకు. ఆదోని కుర్రాడే, కానీ అమ్మమ్మ ఇంట్లో ఉండి మా స్కూల్లో చదువుకున్నాడు. పరుగు నేర్పింది నేనే. ఇప్పుడు మిలిటరీలో ఉన్నాడు. ఆ ఏడాది జాతీయ పోటీల్లో అయిదు వేల మీటర్లు పద్నాలుగు నిమిషాల మూడు సెకన్లలో పరిగెత్తి మూడో స్థానం తెచ్చుకున్నాడు. పత్తి వ్యాపారులు శాలువాలు కప్పారు. ఒకాయన 'చిరుతపులి' అన్నాడు. ఇంకొకాయన ఆదోని గాలిలోనే పరుగుంది అన్నాడు. ఆ పెద్దమనిషి వీధి చివరి ఇంటి నుంచి కారులో వచ్చాడు. నాకు అప్పటికే మండుతోంది.

నా వంతు వచ్చింది. గురువుగారు రెండు మాటలు చెప్పాలన్నారు. నేను రెండు మాటలతో ఆగే మనిషిని కాదు.

"మా హరి ఈ ఆరేళ్ళలో ఎంత తగ్గించినాడో తెలుసా మీకు? పదమూడు సెకన్లు. దానికి తిండి, బూట్లు, డాక్టరు, కోచ్ అన్నీ సర్కారువే. ఈ హాల్లో వెనక వరసలో ఒకామె కూర్చునుంది. ఆర్నెల్ల కిందట దాకా పరుగంటే ఏమో తెలియదు. ఎండనపడి కూలి చేసుకునే మనిషి. ఈ ఆర్నెల్లలో ఆమె తగ్గించింది దాదాపు అయిదు నిమిషాలు! ఇప్పుడు చెప్పండప్పా, ఎవరిది గొప్ప?"

హాలంతా చప్పట్లు. వెనక వరసలో మల్లేశ్వరి సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనే కూర్చున్న ఆమె కూతురు జ్యోత్స్న మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. హరికృష్ణ కూడా నవ్వుతూ కొట్టాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నిరూపించి, కాలరు సర్దుకుని వచ్చి కూర్చున్నాను.

మల్లేశ్వరిది పెద్దకడుబూరు మండలంలో ఒక ఊరు. ఆమె, మొగుడు భీమప్ప, ఇద్దరూ కూలికి పోతారు. మా పడమటి ఊళ్ళలో వాన మోసం చేసిన ఏడాది, అంటే దాదాపు ప్రతి ఏడాదీ, చేతిలో పని అయిపోగానే జనం గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఇంట్లో ముసలివాళ్ళుంటే పిల్లల్ని వాళ్ళ దగ్గర వదులుతారు. ఈ ఇంట్లో ఎవరూ లేరు. అందుకని జ్యోత్స్న కూడా ఏటా మూడు నెలలు మిరప చేలలో గుడారం కింద ఉంటుంది. పేరుకు నాలుగో తరగతి. రెండో తరగతి వాచకం ఇచ్చినా కూడబలుక్కుంటూ చదువుతుంది.

మల్లేశ్వరి పెళ్ళయ్యాక ప్రైవేటుగా ఇంటరు కట్టి పాసైన మనిషి. కానిస్టేబులు పోస్టులకు అప్లికేషను పెట్టింది, మొదటి రాత పరీక్ష గట్టెక్కింది. తర్వాత మిగిలింది పరుగు. ఆడవాళ్ళు పదహారు వందల మీటర్లు పది నిమిషాల ముప్పై సెకన్లలో పరిగెత్తాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే. ఆమెకు వయసు అయిపోవస్తోంది, మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేసరికి అప్లికేషను పెట్టడానికే కుదరదు. ఇదొక్కటే అవకాశం.

జూన్ నెలలో మొదటిసారి మా స్కూలు గ్రౌండుకు వచ్చినప్పుడు చీర మీద మొగుడి చొక్కా తొడుక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. చేలో నుంచి నేరుగా వచ్చినట్టుంది.

"సార్, ఉరికేది నేర్పిస్తారంట గదా. నాక్కూడా నేర్పించండి. పాప ఈడనే సదువుకోల్ల. నాకు ఇంగేం వద్దు."

నాలుగు రౌండ్లు పరిగెత్తమన్నాను. రెండు పరిగెత్తి, రెండు నడిచింది. పద్నాలుగు నిమిషాల యాభై సెకన్లు. నడుం పట్టుకుని వంగి వాంతి చేసుకుని, నోరు తుడుచుకుని, "రేపు ఎన్ని గంటలకు రావల్ల సార్?" అంది. నాకు ఆ మాటతోనే ఆమె మీద గౌరవం పుట్టింది.

అప్పట్నుంచి వారానికి మూడు రోజులు తెల్లవారగానే ఆటోలో వచ్చేది. పరిగెత్తి తిరిగి వెళ్ళి కూలికి పోయేది. సెప్టెంబరు చివరికి పదకొండు నిమిషాల ఇరవై అయిదు సెకన్లకు వచ్చింది. అక్కడ కొన్నాళ్ళు ఆగిపోయింది. అక్టోబరు వానలకు గ్రౌండు మీద సున్నపు గీతలు కొట్టుకుపోతే నేను మళ్ళీ కొలిచి గీశాను. కొత్త గీతల మీద మొదటి రోజే నలభై సెకన్లు తగ్గింది! ఇన్నాళ్ళకు నా శిక్షణ వంటబట్టిందనుకున్నాను. స్టాఫ్‌రూంలో సైన్సు మాస్టరు జయరాంకు ఆ రోజు నా పద్ధతి గురించి గంటసేపు ఉపన్యాసమిచ్చాను. డిసెంబరు వచ్చేసరికి పది నిమిషాల అయిదు సెకన్లు.

"ఇరవై అయిదు సెకన్లు చేతిలో ఉండాయి. ఉద్యోగం వచ్చినట్టే అనుకో," అన్నాను. ఆ మాట ఒకసారి కాదు, వంద సార్లు అన్నాను.

సన్మానం మరుసటి రోజు, సోమవారం పొద్దున, హరికృష్ణ మా గ్రౌండుకు వచ్చాడు.

"నన్ను ఓడించిన అక్కను సూసిపోదామని వచ్చినా సార్," అని నవ్వాడు. మంచి పిల్లాడు. నేను అంతమందిలో దులిపినా మనసులో పెట్టుకోలేదు.

శుక్రవారం కర్నూలులో పరీక్ష. ఇంకా నాలుగు రోజులే. ఆ రోజు ఆఖరి టైం చూడాలి. హరి ఆమె పక్కనే పరిగెత్తాడు. చేతికి వాచీ కూడా లేదు. ఆమె ఊపిరి చూసి, "సేతులు కిందికి దించక్కా, భుజాలు వదిలెయ్," అని చెప్పుకుంటూ పోయాడు. పది నిమిషాల నాలుగు సెకన్లు. ఆమె సంతోషంగా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది, పత్తి ఏరే పనికి టైమైందని.

హరి వెళ్ళలేదు. గీత దగ్గర నిలబడి గ్రౌండు చుట్టూ చూశాడు.

"సార్, నేను ఒక్క రౌండు కొడతా. టైం సూడండి. నాకు సెప్పొద్దు."

పరిగెత్తాడు. చూస్తుంటే కళ్ళు చెదిరే అందం ఆ పరుగులో ఉంది. నేను మైకులో ఏం కూసినా ఆ అందం అబద్ధం కాదు. గీత దాటి, "డెబ్బై రెండు," అన్నాడు. నా వాచీలో అరవై ఎనిమిది.

"ఇంకోటి కొడతా. ఈసారి డెబ్బై అయిదుతో వస్తా సూడండి."

నా వాచీలో డెబ్బై ఒకటి కూడా కాలేదు.

"సార్, మీ గ్రౌండు తక్కువుండాది," అన్నాడు నెమ్మదిగా.

నాకు కోపం ముంచుకొచ్చింది. "ఏమిరా, ఇరవై రెండేళ్ళ నుంచి కొలుస్తాండా. నువ్వు పుట్టి పెరిగింది ఈ గ్రౌండులోనే. ఇప్పుడు తక్కువైందా నీకు?"

"తిట్టండి సార్, పడతా. కానీ నా కాళ్ళు అబద్ధం సెప్పవు. సెకను అటో ఇటో ఐతే పోతుందిలే అనుకుందును. నాలుగు సెకన్లు తప్పు పోవు నాకు."

స్కూలు ప్రహరీ గోడ కడుతున్న మేస్త్రీ దగ్గర ఇనుప టేపు అడిగి తెచ్చాం. ఇద్దరం వంగి రౌండంతా కొలిచాం. నాలుగు వందల మీటర్లు ఉండవలసింది మూడు వందల డెబ్బై ఆరు ఉంది.

స్టోరు రూముకు పోయి నా కొలత తాడు తెచ్చి టేపు పక్కన పరిచాను. యాభై మీటర్ల తాడది. మగ్గం మీద మిగిలిన నూలుతో మా నాయన పేని ఇచ్చాడు. రెండు దశాబ్దాలుగా మా గ్రౌండుకు అదే కొలత. ఇప్పుడు నలభై ఏడు మీటర్లుంది. అక్టోబరు వానకు స్టోరు రూము కారి ఆ తాడు రెండు రోజులు నీళ్ళలో నానింది. గోడ మీద ఆరేసి, ఆరిందనిపించగానే దాంతోనే గీతలు గీశాను. తడిసిన నూలు కుంచించుకుపోతుందని ఎమ్మిగనూరులో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. కొత్త చీర మొదటి ఉతుక్కు జానెడు తగ్గుతుందని మా అమ్మ గిరాకీలకు ముందే చెప్పి అమ్మేది. మగ్గం గుంట పక్కన పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తోచలేదు. నేను చేసిన తప్పు ఇది. దీనికి ఇంకో పేరు లేదు.

హరి నేల మీద పుల్లతో లెక్క వేశాడు. ఆమె ఇప్పుడు పరిగెత్తుతున్నది పదహారు వందలు కాదు, పదిహేను వందల నాలుగు. అదే ఊపుతో పదహారు వందలు పరిగెత్తితే పది నిమిషాల నలభై మూడు సెకన్లు. పదమూడు సెకన్లు ఎక్కువ.

"హరీ, నాలుగు దినాల్లో పదమూడు సెకన్లు తగ్గుతాయా?" అని అడిగాను.

వాడు చేతిలోని పుల్ల పక్కన పారేశాడు. "నాకైతే తగ్గవు సార్. ఆ పదమూడుకు నాకు ఆరేండ్లు పట్టింది. ఇప్పుడు కాళ్ళకు కొత్తగా ఏం నేర్పలేం, రెస్టు ఇయ్యల్ల, అంతే. కానీ అక్కకు సెప్పండి."

"చెప్పి ఏం లాభం? ఉన్న ధైర్యం కూడా పోతుంది."

"పోతే పోనీ. ఎంత దూరముందో తెలియకుండా ఉరికించేది తప్పు సార్. మీరు నాకు ఎప్పుడూ అట్ల చేయలేదు."

మధ్యాహ్నం బండి వేసుకుని మల్లేశ్వరి ఊరికి బయల్దేరాను. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. 'తప్పు నాదమ్మా' అని మొదలుపెట్టాలి, తర్వాత పదమూడు సెకన్ల సంగతి చెప్పాలి.

వాళ్ళ వీధిలోకి తిరగగానే నా మాటలన్నీ చెదిరిపోయాయి. ఇరవై ఇళ్ళున్న వీధి. అన్నిటికీ తాళాలు. కొన్ని గుమ్మాలకు కుక్కలు దూరకుండా ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. ఎక్కడా మనిషి అలికిడి లేదు. వీధి మొత్తం సుగ్గికి పోయింది. ఒక్క ఇల్లే తెరిచి ఉంది.

భీమప్ప ఎదురొచ్చి నులక మంచం వాల్చాడు. "రాండి సార్. అందరూ పోయిన శుక్రవారమే లారీ ఎక్కినారు. కూలీల మేస్త్రి మమ్మల్ని కూడా పిలిసినాడు. మేము వచ్చేది లేదప్పా, మా ఇంట్లో పోలీసమ్మ ఉండాదని సెప్పినా. ఇరవై అయిదు సెకన్లు మిగులుండాయని సారే సెప్పినాడు, ఇంగేం భయం లేదంటి."

మల్లేశ్వరి ఇంకా చేలో నుంచి రాలేదు. జ్యోత్స్న స్కూలు నుంచి వచ్చి, గడప మీద కూర్చుని పలక మీద ఎక్కాలు రాస్తోంది. నన్ను చూసి లేచి సెల్యూట్ కొట్టింది. తల్లి కొట్టబోయే సెల్యూట్ అది. ఇంట్లో రోజూ ప్రాక్టీసు చేస్తున్నారట.

"ఈ సారి నేను సుగ్గికి పోను సార్. మా టీచరు నన్ను లీడరు చేసింది," అంది.

మల్లేశ్వరి వచ్చింది. ఒళ్ళో కట్టుకున్న పత్తి ఏరుకునే గుడ్డ విప్పుతూ, నన్ను చూసి కంగారుపడి లోపలికి పరిగెత్తి టీ పెట్టింది. నేను టీ తాగాను. గ్లాసు అడుగున చక్కెర మిగిలితే దాన్ని కూడా తిప్పి తిప్పి తాగాను. నా నోరు, మూడు వందల మందిలో అంత పెద్దగా అరిచిన నోరు, పెగల్లేదు.

"ఏం సార్ ఇంత దూరం వచ్చినారు?"

"ఏం లేదమ్మా. బాగా నిద్రపో. శుక్రవారం మొదటి నుంచీ గట్టిగా ఉరుకు. ఎక్కడా తగ్గొద్దు."

"అట్లనే సార్."

మొదటి నుంచీ గట్టిగా ఉరుకు అని చెప్పాను కదా, చెప్పినట్టే లెక్క అని దారిలో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికివాడికి సాకులకు కొదవా? బుధవారం ఆమె కాళ్ళు సాగదీసుకోవడానికి గ్రౌండుకు వచ్చింది. అప్పుడైనా చెప్పవచ్చు. అరటిపండ్లు ఇచ్చి పంపించాను. హరి ఫోను చేసి, "సెప్పినారా సార్?" అనడిగితే, "చెప్పినాలేప్పా," అన్నాను. ఎన్నడూ నా దగ్గర అబద్ధమాడని శిష్యుడికి అబద్ధం చెప్పాను.

శుక్రవారం ఏడు గంటలకల్లా కర్నూలులో గ్రౌండు గేటు ముందున్నాం. భీమప్ప, జ్యోత్స్న, నేను. హరి మధ్యాహ్నం రైలుకు క్యాంపుకు వెళ్ళిపోవాలి. బ్యాగుతో నేరుగా అక్కడికే వచ్చాడు. మల్లేశ్వరిని ఒక్కదాన్నే లోపలికి పంపారు. లోపల ఏం జరుగుతోందో మాకు కనిపించదు. మధ్యమధ్యలో విజిలు వినిపిస్తోంది. దేవుడా, ఆ గడియారం చెడిపోనీ అని మొక్కుకున్నాను. డ్రిల్లు మాస్టరు మొక్కవలసిన మొక్కు కాదు.

తొమ్మిదిన్నరకు ఆమె బయటికి వచ్చింది. నడక చూడగానే తెలిసిపోయింది.

"పది నిమిషాల ముప్పై ఆరు," అంది. "ఆరు సెకన్లు సార్. ఆరే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ పేరు సెడగొట్టినా. గ్రౌండులో అంత బాగా ఉరికి, ఈడికొచ్చి ఇట్ల చేసినా. నా కాళ్ళకు ఏమొచ్చినాదో."

ఇప్పుడు చెప్పే మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది ఊరట. పది నలభై మూడు పట్టవలసిన మనిషి పది ముప్పై ఆరుకు వచ్చింది. ఏడు సెకన్లు తగ్గించింది, అంతకంటే ఎవరూ తగ్గించలేరు. చెప్పినా అయ్యేది కాదు. నా లెక్క తప్పలేదు. అలా అనుకుని, ఆమెను ఓదార్చడానికి నోరు తెరవబోయాను.

హరి అడ్డొచ్చాడు. "అక్కా, రౌండు రౌండుకు ఎట్ల ఉరికినావో సెప్పు."

"మొదటి రెండూ బాగనే పోయినాయి. మూడో రౌండులో నా ముందర ఒక పిల్ల కాలు మడతబడి పడిపోయింది. వెనకాల నుంచి అందరూ తొక్కుకుంటా వస్తాండారు. చెయ్యి పట్టుకుని లేపి, పక్కకు కూసోబెట్టి, మల్లా ఉరికినా."

"నిలబడిపోయినావా?"

"నిలబడకుండా యాడ లేపేది?" అంది. "కలుపు తీసేటప్పుడు మునుం ముందరికి పోయినోళ్ళు వెనకబడినోళ్ళకు సాయం పట్టల్ల గదా. వాళ్ళను వదిలేసి గట్టు మీద కూసుంటే పాపం. నా చేతిలో ఇరవై అయిదు సెకన్లు ఉండాయి గదా, ఆ పిల్లకు ఒక పది ఇస్తే ఏం పోతుందిలే అనుకున్నా."

కూలి గుంపులో ఒక్కో మనిషి పట్టుకునే సాళ్ళను మునుం అంటారు. తన మునుం ముందు తేలిన మనిషి వెనక్కి వచ్చి పక్క మనిషి మునుంలో చెయ్యి వేస్తుంది. పడమటి చేలలో పుట్టిన ప్రతి ఆడమనిషీ చేసే పని అది. ఎవరూ నేర్పరు, ఎవరూ ఆలోచించరు.

హరి ముఖం నల్లబడింది. "మనిషిని లేపి, కూసోబెట్టి, మల్లా ఊపందుకోవల్లంటే ఎనిమిది సెకన్లకు తక్కువ కాదు," అన్నాడు నా వైపు చూడకుండా. "అంటే పది ఇరవై ఎనిమిది. అక్కా, నువ్వు పది ఇరవై ఎనిమిది ఉరికినావు! నాలుగు దినాల్లో పదిహేను సెకన్లు తగ్గించినావు. నేను నా జన్మలో సూడలేదు ఇట్లాంటిది." ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "కానీ పదమూడు సెకన్లు తక్కువుండామని తెలిసి కూడా ఎందుకు ఆగినావక్కా?"

"ఏం పదమూడు సెకన్లు?" అంది మల్లేశ్వరి.

హరి నా వైపు తిరిగాడు. ముందు అనుమానంగా చూశాడు, తర్వాత వాడికి అంతా అర్థమైంది. నేను చూపు దించుకున్నాను. ఇక దాచడానికి ఏమీ లేదు. తాడు సంగతి, టేపు సంగతి, సోమవారం వాళ్ళింటికి ఎందుకు వచ్చానో ఆ సంగతి, అన్నీ చెప్పాను. మైకు లేకుండా, రోడ్డు పక్కన నిలబడి చెప్పాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక్కటే అడిగింది.

"సోమవారం సెప్పింటే ఆ పిల్లను దాటుకుని పోతాంటిని సార్. పాపమని ఏడ్సుకుంటానైనా పోతాంటిని. ఎందుకు సెప్పలేదు?"

అబద్ధాలన్నీ అయిపోయాయి. నిజమే మిగిలింది.

"నీ వల్ల కాదనుకున్నానమ్మా," అన్నాను.

మల్లేశ్వరి ఎదకు పిన్నీసుతో గుచ్చిన నంబరు కాగితం మెల్లగా విప్పి నాలుగు మడతలు పెట్టింది.

"ఆదోనిలో మైకులో నాదే గొప్పని సెప్తిరి గదా సార్. నేను నమ్మినా. మీరే నమ్మలేదు," అంది.

హరి బ్యాగు కింద పెట్టి మొహం అటు తిప్పుకున్నాడు. వాడి పరుగును తక్కువ చేసి, ఈమె పరుగును ఎత్తిపెట్టి, చప్పట్లు మాత్రం నేను కొట్టించుకున్నాను. ఇద్దరి పరుగూ నాకు తెలియలేదు. హరి ఎంత పరిగెత్తగలడో వాడికి సెకనుతో సహా తెలుసు. ఈమె ఎంత పరిగెత్తగలదో ఈమెతో సహా ఎవరికీ తెలియదు. దాన్ని తెలుసుకునే ఒక్క రోజునూ నేను పాడుచేశాను. కాళ్ళు పట్టుకుందామనిపించింది. పట్టుకున్నా ఆ గేటు మళ్ళీ తెరవరు.

భీమప్ప అంతా విన్నాడు. ఫోను తీసుకుని నాలుగడుగులు పక్కకు పోయాడు. అయినా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"మేస్త్రన్నా, నేను భీమప్పను. ఇంగా జాగా ఉండాదా ఆడ? ఔ, రేపే బయల్దేరతాం." కొంచెం ఆగాడు. అవతల నుంచి ఎంతమంది అని అడిగినట్టున్నారు. తల్లి కొంగు పట్టుకుని నిలబడిన జ్యోత్స్న వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ముగ్గురం."